ఆదివారం పోసిన నీళ్ళు

శిబిరం, ఆంతోఫగాస్తా ఎడారి
2005 మార్చి 6, ఆదివారం

చెల్లీ నోల్ఫా,

మీ దీవి వానకు సిరా పాకిపోకుండా ఈ ఉత్తరం నీ చేతికి అందితే చాలు. నా రాత సంగతి నీకు తెలుసు, నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే నువ్వు నవ్వుకో, మరిదికి చూపించి నవ్వకు.

నేనిప్పుడు ఊళ్ళో లేను. ఫిబ్రవరి నుంచి ఇక్కడ వంటకు కుదిరాను. పద్నాలుగు మందికి మూడు పూటలా. అందరూ చదువుకున్నవాళ్ళు, సగం మంది పరదేశీలు. ఒక యంత్రాన్ని పరీక్షిస్తున్నారు. నాలుగు చక్రాలు, వీపు మీద ఎండ తాగే పలక. వంటింట్లో మేం దాన్ని తాబేలు అంటాం. ఎప్పుడో ఒకనాడు అలాంటిదాన్ని అంగారకుడి మీదికి పంపుతారట, అక్కడి మట్టిలో కంటికి ఆననంత చిన్న ప్రాణం ఏమైనా ఉందేమో వెతకడానికి. ముందు ఇక్కడ నడిపి చూస్తున్నారు. ఇక్కడే ఎందుకని అడిగాను. భూమి మీద ఏమీ బతకని చోటు ఇంతకు మించి లేదన్నారు. ఆ మాట నాకు ఒకరు చెప్పాలా.

నువ్వు అడగబోయేది తెలుసు. అవును, అందుకే కుదిరాను. నా బిడ్డ ఎలియాసార్ పడి ప్రాణం విడిచిన చోటు వంట గుడారానికి అరగంట నడక. మూడేళ్ళుగా నెలకోసారి బస్సెక్కి, గని లారీల వాళ్ళను బతిమాలుకుని వచ్చేదాన్ని. ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాను. వాడి గుర్తుగా మరిది చెక్కతో చేసిన గూడు మాత్రం అక్కడ లేదు. పోయినేడు వీళ్ళు మర్యాదగా అడిగి, నా చేత సంతకం పెట్టించుకుని, శిలువతో సహా పెద్ద రోడ్డు పక్కకు మార్చారు. గూడు మార్చవచ్చు. ప్రాణం పోయిన చోటును ఎలా మారుస్తారు. పోయేవాళ్ళకు కనబడాలని గూడును బండ్ల దారి పక్కన పెట్టాం గానీ, బండి ఆగిపోయాక వాడు నడిచి నడిచి పడింది అక్కడికి మూడు వందల అడుగుల అవతల, ఒక తెల్ల రాయి దగ్గర. పోలీసతను నాకొక్కదానికే చూపించాడు.

ఆ రాయి ఇప్పుడు వీళ్ళు హద్దుగా పాతిన జెండాల లోపల ఉంది. జెండాలు దాటకూడదు, ఉమ్మకూడదు, చుక్క నీరు ఒలకకూడదు. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా పీపాల్లో ఊరికి పంపుతాం. ఆదివారం భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తారు. అప్పుడు పాత చక్రాల జాడ మీదే నడిచి వెళ్ళి, ఒక సీసా నీళ్ళు పోసి వస్తాను. కొంచెం చక్కెర కలుపుతాను, వాడికి ఇష్టం. దాహంతో పోయినవాడికి పోయకపోతే ఇంకెవరికి పోస్తాం. రెండు సీసాలతో పంపేశారు నా బిడ్డను ఈ ఎడారిలోకి. రెండే రెండు సీసాలు.

నీ అక్క
ఎడెల్మీరా


చిలోయే దీవి
ఏప్రిల్ 2

అక్కా,

ఉత్తరం తడిసే వచ్చింది. పొయ్యి మీద ఆరబెట్టి చదివాను. ఇక్కడ పదకొండు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. ఆలుగడ్డలు సగం మట్టిలోనే కుళ్ళాయి. పంది ఈనింది, తొమ్మిది పిల్లలు, ఒకటి కుంటిది.

పక్కింటావిడకు నీ సంగతి చెప్పాను. ఆ ఎడారిలో మట్టి గెలికేవాళ్ళంటే ఎముకల కోసమే అయ్యుంటారు అంది. సైన్యం ఏలిన రోజుల్లో మాయమైన మగవాళ్ళ కోసం వాళ్ళ ఆడవాళ్ళు ఏళ్ళకేళ్ళు పారలు పట్టుకుని వెతికింది అక్కడే కదా. నీకు అంగారకుడి కథ చెప్పి నమ్మించారేమో చూసుకో.

ఇంకో మాట. రెండు సీసాలతో పంపేశారని రాశావు. ఎవరు పంపేశారక్కా? అప్పుడు మేం మీ ఊళ్ళోనే ఉన్నాం. ఆ పికప్ బండి ఇచ్చింది మా ఆయన. గనికి సరుకులు చేరవేసే పని చూపించింది మా ఆయన. పేరు రాయలేదు, అంతే తేడా. నేను పైకి చదువుతుంటే ఆయన పక్కనే వల బాగు చేసుకుంటున్నాడు. ఆ వాక్యం నోట్లోంచి వచ్చేశాక ఏం చెయ్యను. వల అక్కడే పడేసి వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ చోటు వదిలి ఇక్కడికి వచ్చెయ్. పొయ్యి పక్క గది ఖాళీగానే ఉంది.

నోల్ఫా


శిబిరం
ఏప్రిల్ 24, ఆదివారం

చెల్లీ,

పంది పిల్లల మాట చదివి చాలా రోజులకు నవ్వాను. కుంటిదాన్ని అమ్మకు, పెంచు.

వీళ్ళు ఎముకల వాళ్ళు కాదు. రొమీనా అని ఒక అమ్మాయి ఉంది, మన దేశం పిల్లే, తాల్కా వైపు. రోజూ పొద్దున నా దగ్గర టీ తాగుతూ చెబుతుంది. తాబేలు మట్టి మీద ఒక రంగు నీళ్ళు చల్లుతుంది, తర్వాత వెలుగు వేసి ఫోటో తీస్తుంది. బతికినది ఏదైనా ఉంటే తెర మీద ఎర్రగా మెరుస్తుందట. రెండు నెలలుగా తెర నల్లగానే ఉంది. పాపం రొమీనాకు చదువులో ఇదే చివరి ఏడు, జూలైలో పెద్దవాళ్ళు వస్తారు, వాళ్ళ ముందు నిలబడి ఏదో ఒకటి చెప్పాలి. చేతులు కడిగి కడిగి తోలు ఊడిపోయింది ఆ పిల్లకు. కొవ్వు రాయమని ఇచ్చాను. పందికొవ్వు రాసుకుంటే తాబేలు నన్నే చూపిస్తుంది పిన్నీ అంది. మెకానిక్ గాస్తోన్ అయితే, మా పిన్ని చిక్కుడు గింజలు తిన్నవాడికి అంగారకుడికి పోవడానికి రాకెట్ దండగ అంటాడు. ఇలాంటి మనుషుల మధ్య ఉన్నాను, దిగులు పడకు.

మరిది సంగతి. నా మనసులో ఆయన మీద ఏమీ లేదని చెప్పు. ఆయన్ని ఎప్పుడో క్షమించాను.

నీ అక్క


శిబిరం
మే 22, ఆదివారం

నోల్ఫా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. అయినా రాస్తున్నాను, ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు.

పన్నెండు రోజుల కింద పొద్దున రొమీనా చేతులకు తొడుగులతోనే వంటింట్లోకి వచ్చి నన్ను వాటేసుకుంది. "ఉంది పిన్నీ. ఇక్కడ కూడా ఉంది" అంది. ఫోటో చూపించింది. ఒక రాయి, దాని అంచు కింద తట్టు పోసినట్టు ఎర్రటి చుక్కలు. మన పిల్లల మోచేయి చూసినా మనం గుర్తుపడతాం కదా. ఆ రాయిని అలాగే గుర్తుపట్టాను.

తర్వాత దాన్ని ఎత్తి చూస్తే అడుగున పచ్చగా, టీ కెటిల్లో పట్టే గార అంత పల్చగా ఏదో ఉందట. మూడేళ్ళుగా నేను పోసిన నీళ్ళకు మొలిచింది. వాళ్ళకు అది తెలియదు. ఎవరి సాయం లేకుండా ఎడారే దాన్ని బతికించుకుంటోందని అనుకుంటున్నారు. గూడు ఉన్న చోటి చుట్టూ చాలా మేర వదిలేశాం కాబట్టి ఇది శుభ్రమైన నేలేనని కాగితాల్లో రాసుకున్నారు. నా చేత కేకు చేయించారు. చేశాను. అందరూ తిన్నారు. నేను కూడా తిన్నాను.

ఇప్పుడు ఆ రాయి చుట్టూ తాడు కట్టి, వంతులవారీగా ఒక మనిషిని కాపలా కూర్చోబెట్టారు. పెద్దవాళ్ళు వచ్చేదాకా తాబేలును కూడా దాని దగ్గరికి పోనివ్వరట. రెండు ఆదివారాలు పోయాయి. వాడికి నీళ్ళు లేవు.

తెలియనట్టు రొమీనాను అడిగాను, ఎవరో పొరపాటున అక్కడేదైనా ఒలకబోసి ఉంటే ఏం చేస్తారని. అప్పుడది చెడిపోయిన మట్టి పిన్నీ, ఆవిరి కుండలో ఉడికించి పారేస్తాం అంది. ఆ కుండ నా చిక్కుడు గింజల కుండ లాంటిదే, పక్క గుడారంలో ఉంది. రోజూ దాని ఈల వింటాను.

చెబితే, వాడి కోసం పోసిన నీళ్ళతో పుట్టిన ఆ కాస్త ప్రాణాన్నీ ఉడకేస్తారు. చెప్పకపోతే, వాడి దగ్గరికి నన్ను ఇక పోనివ్వరు, పైగా ఆ పిల్ల జూలైలో నా అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుని నలుగురి ముందు నిలబడుతుంది. ఎటు జరిగినా గోడే. ఏం చెయ్యను?

ఎడెల్మీరా


చిలోయే
జూన్ 12

అక్కా,

రాయకూడదనే అనుకున్నాను. క్షమించావట. తప్పు చేసినవాడిని కదా క్షమిస్తారు. ఆ మాట చదివినప్పటి నుంచి మా ఆయన పడవ తీయలేదు. చేపల కాలం అంతా కిటికీ దగ్గర కూర్చున్నాడు.

మొన్న రేడియోలో మీ సంగతి చెప్పారు. ఎడారిలో ప్రాణం దొరికిందని. మా ఊరంతా నిన్ను మెచ్చుకుంటోంది, వండి పెట్టింది మీ అక్కేనటగా అని. నీ సందేహానికి నా జవాబు ఒకటే. నోరు మూసుకో. నిన్నెవరూ అడగలేదు. రాయి కింద గార కోసం కడుపు కూడు పోగొట్టుకుంటావా?

మా ఆయన నిన్న నోరు విప్పాడు. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను. "నాలుగు సీసాలు పెట్టాను. సీటు వెనక, గోనెసంచిలో చుట్టి. మూడో రోజు బండిలో రెండే దొరికాయి, ఖాళీవి. మిగతా రెండూ ఏమయ్యాయో దేవుడికి తెలియాలి. మీ అక్క రెండే అంటుంటే, నేనే తప్పు లెక్కపెట్టానేమో అనుకుంటూ ఉన్నాను."

మూడేళ్ళుగా ఈ మాట నాకు కూడా చెప్పలేదక్కా.

నోల్ఫా


శిబిరం
జూలై 3, ఆదివారం

చెల్లీ,

దీన్ని మరిదికి పైకి చదివి వినిపించు. ఎక్కడా ఆగకు.

ఆయన తప్పు లెక్కపెట్టలేదు. నాలుగే. ఆ పొద్దున మా వీధి కుళాయి రాలేదు. పులుసు పెట్టడానికి నీళ్ళు లేవని గొణుక్కుంటుంటే, వాడు బండి దగ్గర నుంచి అరిచాడు, తీసుకోమ్మా, సాయంత్రానికి వచ్చేస్తాగా అని. రెండు సీసాలు నేనే దించాను. నా ఈ చేతులతో. ఆ నీళ్ళతో పులుసు కాచి, వాడి వాటా మూతపెట్టి ఉంచాను. మూడు రోజులు ఉంచాను.

రెండు సీసాలతో పంపేశారు అని అందరికీ చెబుతూ వచ్చాను. పంపింది ఎవరో మాత్రం చెప్పలేదు. మరిదిని అనలేదు, నిజం. ఆయన మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను, అది కూడా నిజం. క్షమించానని రాయడానికి నేనెవరిని. ఆయనే నన్ను క్షమించాలి.

ఇది నీకు రాయాలని కూర్చున్న రోజే రొమీనాకు కూడా చెప్పేశాను. ఒకటి దాచి ఒకటి చెప్పడం నా వల్ల కాలేదు. పొద్దున రొట్టె పిండి పిసుకుతున్నాను. ఆ రాయి కింద నీళ్ళు నావేనని, నా కొడుకు అక్కడే పోయాడని చెప్పాను. తల ఎత్తలేదు. ఆ పిల్ల ఆలుగడ్డల బస్తా మీద కూర్చుండిపోయింది. పొయ్యిలో మొదటి వాయి మాడిపోయింది. ఇద్దరం వాసన చూస్తూ ఉండిపోయాం.

అప్పుడు అడిగింది, "ఎన్ని ఆదివారాలు పిన్నీ?"

అన్నీ చెప్పించుకుని పుస్తకంలో రాసుకుంది. మొదట్లో నెలకోసారి, ఇక్కడికి వచ్చాక వారానికోసారి. సీసా ఎంతది, చక్కెర ఎన్ని చెంచాలు, చలికాలం నిమ్మాకు వేసి కాచిన నీళ్ళు ఎన్నిసార్లు. ఏడుస్తూనే రాసుకుంది. నా కోసమో తన కోసమో తెలియదు.

నన్ను పంపేస్తారనుకున్నాను. ఇక్కడి పెద్దాయన పిలిపించాడు. పరదేశీ భాషలో రొమీనాతో గంట మాట్లాడాడు. చివరికి తేలింది ఏమిటంటే, మట్టిని ఉడికించరు. ఎడారి ప్రాణం అని ఇక చెప్పుకోలేరు, నిజమే, ఆ పిల్ల పెద్దవాళ్ళ ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. కానీ ఇంత నేలలో ప్రాణం కచ్చితంగా ఉందని తెలిసిన చోటు ఇదొక్కటే, తాబేలు కన్ను సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి అలాంటిది ఒకటి కావాలట. కాబట్టి నన్నే పోస్తూ ఉండమన్నారు. ఆదివారం ఉదయం ఏడింటికి, ఒక లీటరు, కొలగ్లాసుతో. చేతులకు తొడుగులు. చక్కెర వద్దు.

దొంగతనంగా వెళ్ళినప్పుడు వాడితో నోరారా మాట్లాడుకునేదాన్ని. ఈ రోజు ముగ్గురు ఫోటోలు తీస్తుంటే పోశాను. ఒక్క మాట రాలేదు.

ఎడెల్మీరా


చిలోయే
జూలై 29

అక్కా,

ఆగకుండానే చదివాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. లేచి వెళ్ళి పడవకు తారు పూశాడు. మర్నాడు సముద్రంలోకి వెళ్ళాడు.

నేను మాత్రం ఒక పగలంతా నీ మీద కోపం మోశాను. ఆ మనిషి చేత మూడేళ్ళు మోయించావు కదా అని. సాయంత్రం పొయ్యి మీదికి నీళ్ళు తెచ్చుకుంటూ దించేశాను. కుళాయి రాకపోతే నేనూ తీసేదాన్నే. ఏ తల్లయినా తీసేదే. ఆయన కూడా ఒకే మాట అన్నాడు. "మీ అక్కను రమ్మను. ఆ సీసాలు ఇద్దరం చెరొకటి పట్టుకుంటాం."

నీళ్ళు పోయడానికే నిన్ను పనిలో పెట్టుకున్నారంటే పక్కింటావిడ నమ్మలేదు. మీ అక్కను ప్రభుత్వం వారు సన్యాసినిని చేసుకున్నారు, ఇక రాదు అంటోంది. నాకు అదే భయం. నువ్వు సంతోషంగా ఉన్నావనుకుంటాను. నీ కోరిక తీరింది, వాడి దగ్గరే ఉండమన్నారు. ఇక నేను రమ్మని బలవంతపెట్టను.

కుంటి పంది పిల్ల ఇంట్లోకి వచ్చి పడుకుంటోంది. దానికి నీ పేరు పెట్టారు పిల్లలు, తిట్టుకోకు.

నోల్ఫా


శిబిరం
ఆగస్టు 28, ఆదివారం

చెల్లీ,

సంతోషంగా ఉన్నానని ఎందుకు అనుకున్నావు? రమ్మని బలవంతపెట్టనన్నావు. ఆ మాట చదివి పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాను. నేను ఒక్క ఆదివారం రాకపోతే వాడికి దాహం, యంత్రానికి నష్టం. బస్సు ఎక్కాలంటే కాలు రాదు. ఇంతకు ముందు నా మనసే కట్టేసింది. ఇప్పుడు వీళ్ళు నీళ్ళ వంతు రాసిన కాగితం కూడా కట్టేసింది.

అది అలా ఉండగా గురువారం రొమీనా వచ్చింది. పని ఉన్నప్పుడు నిలబడి మాట్లాడే పిల్ల, ఈసారి కూర్చుంది. నా చేతిలో కత్తి తీసుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు నీళ్ళు ఆపాలి పిన్నీ" అంది. "ఆపాక ఎన్ని రోజులకు తాబేలు లేదని చెబుతుందో చూడాలి. అంగారకుడి మీద కూడా ఒకప్పుడు నీళ్ళుండి ఎండిపోయాయి కదా."

తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తుతూ ఉన్నాను.

"మీరు కాదంటే ఇది నేను కాగితం మీద పెట్టను. పెద్దాయనకు అసలు చెప్పను."

ఉల్లిపాయలకు ఏడుస్తోందో ఏమో, కళ్ళు తుడుచుకోలేదు. నా బిడ్డ మూడు రోజుల్లో పోయాడమ్మా, దీనికి ఎన్ని రోజులు పడుతుంది అని అడిగాను. తెలియదు, అదే తెలుసుకోవాలి అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పి ఉంటే నేను కాదనేదాన్ని.

మూడు రోజులు నిద్ర లేదు. చేతిలో నీళ్ళున్న తల్లిని పోయకుండా కూర్చోమంటున్నారు. పోస్తూ ఉంటే నేను చచ్చేదాకా ఇక్కడే. ఆపితే రెండోసారి కూడా నేనే ఆపినదాన్ని.

ఈ ఉదయం చెప్పాను. ఆపుతాను, కానీ రోజూ తాబేలు చూసేటప్పుడు నేను పక్కనే ఉంటాను. వంట ఆలస్యమైతే తిట్టకూడదు. అప్పుడు వాడు ఎండలో పడి ఉన్న మూడు రోజులూ నేను ఇంట్లో పులుసుకు కాపలా కూర్చున్నాను. ఈసారి దగ్గర ఉంటాను.

ఏడింటికి సీసా పట్టుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పైగుడ్డలో చుట్టుకున్నాను.

ఎడెల్మీరా


శిబిరం
సెప్టెంబర్ 25, ఆదివారం

నోల్ఫా, బెలార్మీనో,

ఈసారి చెల్లికీ మరిదికీ ఇద్దరికీ రాస్తున్నాను.

రోజూ ఎండ ఎక్కక ముందు వెళ్ళాను. నాకు ఒక మడత కుర్చీ వేశారు. తాబేలు చల్లుతుంది, వెలుగు వేస్తుంది, రొమీనా తెర నా వైపు తిప్పుతుంది. మొదటి పది రోజులు అలాగే ఎర్రగా ఉంది. తర్వాత చుక్కలు చిన్నవయ్యాయి. వాడితో మాట్లాడటం మళ్ళీ వచ్చింది. ఎవరున్నా సిగ్గు పడలేదు. కుళాయి సంగతి చెప్పాను, పులుసు సంగతి చెప్పాను. మీ బాబాయి నాలుగు పెట్టాడురా అని చెప్పాను. గాస్తోన్ టోపీ తీసి అవతలికి వెళ్ళి నిలబడేవాడు. పద్దెనిమిదో తేదీ దేశం పండుగకు అందరికీ మాంసం కజ్జికాయలు చేశాను, ఆ రోజు కూడా ఒక్క చుక్క ఉంది.

మంగళవారం తెర నల్లగా వచ్చింది. మళ్ళీ చూడమన్నాను. మూడుసార్లు చూశారు. చివరిసారి నీళ్ళు పోసిన రోజు నుంచి ముప్ఫై రోజులు. రొమీనా పుస్తకంలో రాసుకోలేదు, కలం పట్టుకుని నా వైపు చూస్తూ ఉంది. రాసుకో అమ్మా, ఆ పని కోసమే కదా వచ్చాం అన్నాను.  లేచి కుర్చీ మడిచాను.

ఈ ఉదయం అదే పిల్ల ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అది చావలేదు పిన్నీ. ఎండి నిద్రపోతుంది, అంతే. మీరు ఇవి పోస్తే కొన్నాళ్ళకు మళ్ళీ ఎర్రగా కనబడుతుంది. తర్వాతి పరీక్ష అదే. మీ చేత్తోనే జరగాలని అడిగి ఒప్పించాను."

ప్రేమతోనే తెచ్చింది. నాకది తెలుసు. మూత తీశాను కూడా. పోస్తే లేస్తాడు. మళ్ళీ ఆపమంటారు, మళ్ళీ కూర్చుంటాను, మళ్ళీ పోస్తాను. నా బతుకంతా అలాగే గడిచిపోగలదు, అది కూడా తెలుసు. మూత పెట్టి సీసా తిరిగి ఇచ్చేశాను. ఇన్నేళ్ళూ దాహం వేస్తోందేమోనని ప్రతిసారీ వాణ్ణి లేపాను, ఇక పడుకోనీ అన్నాను. వాళ్ళ మట్టి, వాళ్ళ పని, వాళ్ళు పోసుకుంటే పోసుకోనీ. నా చేతుల మీదుగా వద్దు.

ఆ పిల్ల నన్ను గట్టిగా పట్టుకుంది. చేతులకు తొడుగులు లేవు.

గురువారం బస్సు. నాలుగు రోజుల ప్రయాణం, పడవతో కలిపి. తెచ్చుకునేవి పెద్దగా ఏమీ లేవు. వచ్చాక నేను ఎలా ఉంటానో నాకే తెలియదు, విసుక్కోకండి. నోల్ఫా, ఒక్కటే అడుగుతున్నాను. ఆదివారం ఉదయం ఏడింటికి నా చేతులకు ఏదో ఒక పని పెట్టు. కట్టెలు కొట్టడమైనా సరే.

మీ
ఎడెల్మీరా